జెండా మార్చిన పండా

ప్రయాగలో యాత్రికులకు బస చూపి పూజలు చేయించే పండా శీతలాప్రసాద్ రోజూ తెల్లవారుతూనే, నోట్లో గుక్కెడు నీళ్లయినా పోసుకోకముందే, గుడారం ముందున్న పొడుగు వెదురుకు జెండా ఎక్కించేవాడు. గంగమ్మకు దణ్ణం పెట్టుకుని రోడ్డుదాకా నడిచి, వెనక్కి తిరిగి చూసేవాడు. అక్కణ్ణించి జెండా కనిపిస్తేనే టీ తాగేది.

మాఘ మేళాలో పండాల చోటు ఏటా మారుతుంది. చదువురాని యాత్రికులకు జెండా మీది బొమ్మే గుర్తు. ఒకరిది చేప, ఒకరిది గుర్రం. శీతలాప్రసాద్ ఇంటిది తాతలనాటి నుంచీ చేట. వచ్చినవాళ్లకు మరీమరీ చెప్పేవాడు: "తప్పిపోతే చేటను వెతుక్కోండి. కనబడకపోతే ఉన్నచోటే కూర్చోండి, నేనొస్తా. ఎవడో తియ్యగా పిలిచాడని వెంట పోకండి."

ఆ ఏడు ఆయన బుద్ధి గడ్డి తిన్నది. చేట వెలిసిపోయిందని, సింహం బొమ్మతో కొత్త పట్టు జెండా కట్టించాడు.

పౌర్ణమినాడు రీవా పక్క పల్లె నుంచి బైజ్‌నాథ్ వచ్చాడు. తల్లి ఫూల్‌మతినీ భార్య రాజ్‌కలినీ నేరుగా స్నానానికి పంపి, తాను మూటలతో వాళ్లనీ వీళ్లనీ అడుగుతూ గుడారం చేరాడు. తీరా రేవుకు వెళితే భార్య ఒక్కతే ఏడుస్తూ నిలబడి ఉంది. జనం తోపులో అత్త చెయ్యి జారిపోయిందట.

మైకులో పేరు మూడుసార్లు పిలిపించారు. ఆ హోరులో ఎవరికి వినబడుతుంది? శీతలాప్రసాద్ తలెత్తి సింహాన్ని చూశాడు. ఫూల్‌మతి డెబ్బై ఏళ్ల మనిషి, ఎరిగింది చేట ఒక్కటే. అదేమో పెట్టె అడుగున ఉంది.

పాత జెండా తీసి వెదురుకు కట్టి, భుజాన పెట్టుకుని బయల్దేరాడు. అరవై దాటిన ఒళ్లు. "రామా, ఆ తల్లిని కాపాడు" అనుకుంటూ మధ్యాహ్నమంతా ఇసుకలో తిరిగాడు. వెదురు బరువుకు భుజం కమిలింది. దారిన పోయేవాళ్లు కాసేపు మోసిపెట్టారు.

నది మీద పీపాలు తేల్చి కట్టిన వంతెన దగ్గర కేక వినబడింది.

"ఏమయ్యా మహారాజ్! చేటను ఎలుకలు తినేశాయా? చూసీ చూసీ మెడ పట్టేసింది!"

టీ అమ్మే ఆవిడ పరిచిన గోనెపట్టా మీద ఫూల్‌మతి కూర్చుని ఉంది.

"తప్పయిందమ్మా. జెండా మార్చాను."

"ఒకడొచ్చి 'మీ పండా దగ్గర దింపుతా, రా అమ్మా' అన్నాడు. చూపంతా నా కడియాల మీదే. ఆయన జెండా బొమ్మేదో చెప్పరా అంటే నీళ్లు నమిలాడు."

"నేను గరిటె ఎత్తాక కదిలాడులే," అంది టీ ఆవిడ. శీతలాప్రసాద్ ఆవిడకు చేతులెత్తి మొక్కాడు.

గుడారంలో తల్లిని చూసి బైజ్‌నాథ్ ముందు ఏడ్చాడు, తర్వాత భార్య మీద విరుచుకుపడ్డాడు. "ముసలిదాని చెయ్యే పట్టుకోలేకపోయావు! ఊళ్లో నా మొహం ఎలా చూపించను?" రాజ్‌కలి తల వంచుకుని అత్త పాదాల ఇసుక తుడుస్తోంది.

శీతలాప్రసాద్ అతని పక్కన చతికిలబడ్డాడు.

"నాయనా, నాకో ఉపకారం చెయ్యి. ఊళ్లో కోడలు చెయ్యి వదిలేసిందని అనకు. పండా జెండా మార్చాడని చెప్పు. అడిగినవాళ్లందరికీ నా పేరే చెప్పు."