కుర్చీల డేరాలో మోగిన గంట

దయ్యాలున్నాయని నేనెన్నడూ నమ్మలేదు. కుప్పంలో మా వీధి దయ్యాలే నన్ను చూసి తాయెత్తులు కట్టించుకునేవి. అయినా యుద్ధం నాటి ఆ పరస గుర్తొస్తే ఇప్పటికీ వెన్ను చల్లబడుతుంది. ఆ వెంటనే ఒళ్ళు మండుతుంది.

పుంగనూరు దగ్గర పశువుల పరస అది, సంతా తిరునాళ్ళూ కలిసినట్టు. పశువులకన్నా జూదం డేరాలకే జనం ఎక్కువ. డేరాలు మూడు, యజమాని ఒక్కడే. దొరలకూ ఆఫీసర్లకూ కుర్చీల డేరా. అక్కడ సోడా కొడితే మదనపల్లెలో కుక్కలు మొరిగేవి. వర్తకులకు జంపఖానా. రైతులకు కటిక నేల, డేరా చిరుగుల్లోంచి నెత్తిన సూర్యుడు. కుర్చీలో ఓడినవాడికి షర్బతిచ్చి, విసనకర్రతో విసిరి, జట్కాలో ఇంటికి పంపేవారు. నేలమీద ఓడినవాణ్ణి మెడపట్టి గెంటేవారు. పాచికలు మాత్రం అన్నిచోట్లా ఒకటే.

మా మేనమామ మునెప్పది సోమల దారిలో పల్లె. ఆయన జత ఎద్దుల్లో ఒకటి, నల్లోడు, చచ్చిపోయాడు. మెడలోని పగిలిన గంటతోనే పూడ్చడం వాళ్ళ ఆచారం; మట్టి కప్పినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. మిగిలిన ఎద్దుకు జోడు కొందామని పరసకొచ్చిన మామ, చేతిలో ఉన్నది పోగొట్టుకుని, చివరికి ఆ ఎద్దునే ఒడ్డాడు. ఓడాడు. విత్తనాల అదను. ఎద్దు లేకపోతే చేను బీడే.

"కాడి కింద నా మెడ పెట్టాలా సామీ?" అన్నాడు మామ.

"నీ మెడ యాడన్నా పెట్టుకో. ఓడినోడివి ఇంకా ఈడ యాల కూసున్నావప్పా? లెయ్!"

అదే నోటితో యజమాని కుర్చీల వైపు తిరిగి, "షర్బతు సల్లగా ఉండాదా దొరా?" అన్నాడు. నా కోపానికి డేరా గుడ్డ అంటుకోవలసింది.

పట్టపగలు. యజమాని మనిషి ఎద్దును తోలబోతుంటే కుర్చీల డేరాలోంచి గంట వినబడింది. ఖంగుమనే గంట కాదు. పగిలిన గంట, టొక్కు టొక్కుమని. ఎద్దు చెవులు నిక్కబొడిచింది. ముడి వీడలేదు, తాడు తెగలేదు. పలుపు మాత్రం ఆ మనిషి చేతిలో మిగిలిపోయింది. ఎద్దు కుర్చీల మధ్యగా నడిచింది. దొరలు మీసాలతో సహా డేరా గుంజలెక్కారు.

గంట ముందు, ఎద్దు వెనక, ఆ వెనక మేము. తరుముకొచ్చిన మనుషులు సోమల దారి మలుపులో గంట విని, ముందు ఏమీ కనబడక, అక్కడే నిలిచిపోయారు. ఎద్దును అడగడానికి మళ్ళీ ఎవరూ రాలేదు.

పొద్దు వాలేవేళకు ఎద్దు నల్లోణ్ణి పూడ్చినచోట ఆగింది. గంటా ఆగింది. పైన మొలిచిన గడ్డి పోచయినా నలగలేదు. అది ఏ గంటో, ఎవరు మోగించారో, ఈనాటికీ నేను చెప్పలేను.

"తవ్వి సూద్దాం మామా," అన్నాను.

మామ పార తేనివ్వలేదు.

"వద్దప్పా. అంత దూరం నడిసొచ్చి, ఇప్పుడే పండుకొని ఉండాడు."