రాజీని అప్పగించమని నోటీసు

ఈ సంగతి నేనే రాసిపెట్టక తప్పదు. పుంగనూరులో దీన్ని చెప్పుకునేవాళ్లు నేనెవరో ఆడమనిషిని పోగొట్టుకున్నానంటున్నారు. నేను పోగొట్టుకున్నది పరువొక్కటే; అదీ కొంచెమే ఉండేది.

అవి యుద్ధం రోజులు. మద్రాసులో లా చదివే కుప్పం శేషాద్రి, పని నేర్చుకుందామని సెలవుల్లో మదనపల్లె గ్రంథాలయం వరండాలో బల్ల వేసి, పేదలకు ఉచితంగా నోటీసులు రాసిచ్చేవాడు. నేను కాలేజీ గడప తొక్కలేదు గానీ, అక్కడి ఇంగ్లీషు లా పుస్తకాలన్నీ నమిలి మింగినవాణ్ణి. (అరిగాయా అని అడక్కండి.)

ఒకనాడు శేషాద్రి ఊరికెళుతూ, "ఎవరొచ్చినా కూర్చోబెట్టు. నువ్వు మాత్రం కలం ముట్టొద్దు" అన్నాడు.

ఆ పూటే పుంగనూరు నుంచి గంగులప్ప వచ్చాడు.

"ఇద్దరిదీ ఒకే బావి. మా అన్న నరసప్ప నన్ను నీళ్లు తోడనియ్యడప్పా. రాగిపైరు ఎండిపోతాండాది. నాకు రాజీ కావాల."

బావి నా చెవి దగ్గరే ఆగిపోయింది. రాజీ మాత్రం లోపలికి దూకింది.

"రాజీ ఇప్పుడెక్కడుంది?"

"మా అన్న చేతిలోనే ఉండాది గదప్పా!"

"ఎన్నాళ్లయింది?"

"రెండేండ్లాయ. పెద్దమనుషులు చెప్పినా ఒప్పుకోలా."

"రాజీ అంటే అంత ఇష్టమా?"

"ఇష్టం గాక? రాజీ లేకుంటే నా బిడ్డలు ఏం తిని బతకాల?"

నా కళ్లు చెమర్చాయి. రాజీ అంటే సర్దుబాటని కోర్టు మెట్లెక్కిన ప్రతి రైతుకూ తెలుసు. నా పుస్తకాల్లో 'కాంప్రమైజ్' అని ఉండేది. నా మట్టుకు రాజీ అంటే అతని భార్య రాజేశ్వరి!

"తమరు నిర్బంధించిన రాజీ అను ఆమెను ఎనిమిది దినములలో మా కక్షిదారునకు అప్పగించవలెను" అని రాసి, గంగులప్ప చేత వేలిముద్ర వేయించి, నరసప్పకు రిజిస్టరు పోస్టులో పంపాను. బొగ్గుతో నడిచే బి.కొత్తకోట బస్సులా పొగలు కక్కుతూ ఊరంతా తిరిగాను.

అయిదోరోజు, ఊరినుంచి తిరిగొచ్చిన శేషాద్రి బల్ల దగ్గర ఉండగానే, నరసప్ప చినిగిన తలగుడ్డతో వచ్చాడు. వెనకే భార్య ఎల్లమ్మ. నోటీసును పోస్టుమాను వీధిలోనే చదివి వినిపించాడట.

"ఆ రాజీ ఎవురో సెప్పమంటే నోరు తెరవడు! ఇల్లంతా వెతికినా, గడ్డివామీ వెతికినా. యాడ దాసినాడో మీరన్నా అడగండి!" అంది ఎల్లమ్మ.

"అప్పా, నీకు పున్నెముంటాది! నాకు రాజీ గీజీ ఎవురూ లేరని రాసియ్యి. మా తమ్మునికి దినం మార్చి దినం నీళ్లు ఇడుస్తా!"

శేషాద్రి నోటీసు చదివి, ఏదో పడిపోయినట్టు బల్ల కిందికి దూరాడు. బల్ల కాసేపు ఊగింది. పైకొచ్చి కాగితం రాశాడు. మొదటి షరతు నీళ్ల వంతు. రెండోది: "నరసప్ప ఇంట రాజీ అను స్త్రీ లేదు, ఉండబోదు."

ఎల్లమ్మ శాంతించింది. "పైన ఏం రాసినావప్పా?" అంది.

"రాజీపత్రం అని."

"మళ్లా దాని పేరే పెట్టినారే!"

అర్థం తెలియని మాటకు ఆడపేరు తగిలించి నోటీసు ఇవ్వనని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నన్ను బల్ల దగ్గరినుంచి తరిమేయని శేషాద్రికి, గొంతు బాగున్న పోస్టుమాను మస్తానుకు, నన్ను నమ్మిన గంగులప్పకు, నా బదులు దెబ్బలు తిన్న నరసప్పకు, పెద్దమనుషులు రెండేళ్లలో చేయలేనిది అయిదు రోజుల్లో చేసిన ఎల్లమ్మకు నా కృతజ్ఞతలు.