అక్క అప్పీలుకు నరసరావుపేటలో వకీలు దొరికిన రోజు

దారి లేని పొలం ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. దుర్గి దగ్గర మా అక్క మిరప చేనుకు వెళ్లాలంటే ఆమె మరిది పొలంలోంచే పోవాలి. బావ పోయాక ఆ మరిది దారికి అడ్డంగా రాళ్లు పాతాడు. కింది కోర్టులో కేసు ఓడిపోయాం. మా పాత వకీలు అప్పీళ్లు చూడనన్నాడు. గడువు ఇంకో వారమే ఉంది. అందుకే నరసరావుపేట ప్రయాణం.

పొద్దున్నే మాచర్ల నుంచి వచ్చే బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి అక్కకు టికెట్టు లేదు, నాకు వంద దాకా అయింది. కారంపూడి, నకరికల్లు మీదుగా రెండు గంటలకు పైనే పట్టింది. కాయ కోతకొచ్చిందని, ట్రాక్టరు లోపలికి పోకపోతే బస్తాలు నెత్తిన మోయాలని దారంతా అక్కది అదే మాట. వకీళ్లు కోర్టులోకి వెళ్లకముందే పట్టుకోవాలని ఆటో అతను తొందరపెట్టి కోర్టు దగ్గర దింపాడు.

మొదటి పెద్ద వకీలు కూర్చోమన్నాడు, మంచినీళ్లిప్పించాడు. మరిది పేరు వినగానే కాగితాల కట్ట విప్పకుండానే వెనక్కి జరిపాడు. తీరిక లేదట. రెండో ఆయనకూ తీరిక లేదు. మూడో ఆయన పెద్దవాడు, అక్క ముఖం చూసి దాచలేకపోయాడు.

"మీ మరిది పోయిన వారమే వచ్చాడమ్మా. సలహా ఫీజిచ్చి కాగితాలన్నీ చూపించాడు. ఒకరి కాగితాలు చూశాక రెండోవాళ్ల తరఫున మేం నిలబడకూడదు. ఇక్కడ పేరున్నవాళ్లందరి దగ్గరికీ తిరిగినట్టున్నాడు."

నాకు ఒళ్లు మండింది. హోటల్లో భోజనం ముందు పెట్టుకుని కూడా వాణ్ణి తిడుతూనే ఉన్నాను. అక్క అన్నం కెలుకుతూ కూర్చుంది.

"వాణ్ణి అనబాకరా. ఈ ఎత్తు మీ బావదే. మా ఊళ్లో వెంకాయమ్మ మీద చేను కేసేసినప్పుడు, ఆమెకి మంచి వకీలు దొరక్కుండా ఇట్టాగే అందరికీ కాగితాలు చూపిచ్చాడు. అప్పుడు ఎంట తిరిగింది వీడే. ఆ రోజు ఇంటికొస్తే కోడిని కోసి వండిపెట్టా."

నేను చెయ్యి కడుక్కుని, ఇంకెవరైనా వకీలున్నారేమోనని హోటలాయన్ని అడిగాను.

హోటలాయన చెప్పగా కోర్టు వెనక సందులో, మేడ మీద గదిలో ఒక వకీలును కలిశాం. మరిది ఆయన్ను లెక్కలో కూడా వేసుకోలేదు. ఆయన కాగితాలు తిరగేస్తూ బావ పేరు దగ్గర ఆగాడు.

"వెంకాయమ్మ గారి కేసు వాదించింది నేనే. ఎవరూ తీసుకోకపోతే, కొత్తగా కోటు వేసుకున్న నా దగ్గరికి వచ్చారు. ఓడిపోయాను. ఇది ఆ చేనేనా?"

అక్క తల ఊపింది. లేచి నిలబడింది.

"కూర్చోండమ్మా. ఆమె బతికుంటే, మీ కేసు తీసుకోనా అని ఒకమాట అడిగేవాణ్ణి. ఇప్పుడు లేరు," అంటూ సంతకానికి వకాలతు ముందుకు జరిపాడు.

చివరి బస్సులో తిరిగొచ్చాం. అప్పీలు పడుతుంది, గెలిచినా గెలుస్తాం. కానీ మనసులో చేదు పోవడం లేదు. పొద్దున మాకు జరిగిన అన్యాయం మోసుకుంటూ బస్సెక్కాను. దిగేటప్పటికి అది మా ఇంటి సొత్తేనని తెలిసింది. వెంకాయమ్మ కూడా ఈ మెట్లన్నీ ఎక్కి దిగి, ఇదే రోడ్డున ఇంటికొచ్చి ఉంటుంది.

మీరూ ఇలాంటి పని మీద బయల్దేరుతుంటే ఒక్క మాట. తీర్పు వచ్చిన రోజే నకలుకు అర్జీ పెట్టి వకీలు దగ్గరికి వెళ్లండి, ఆలస్యం చేస్తే అవతలివాళ్లు ముందే తిరిగేస్తారు.