తీసుకుపోని తండ్రులు

పోలీసు యాక్షన్ తర్వాతి రోజుల్లో హుజూరాబాదులో మా పక్కింట్లో ఒక బొమ్మలాయన ఉండేవాడు. చనిపోయిన పెద్దల బొమ్మలు రంగుల్లో వేయడం ఆయన పని. కొడుకులు వచ్చి, ముక్కు ఇట్లా, మీసం అట్లా అని చెప్పి వేయించుకునేవాళ్ళు. తీరా బొమ్మ పూర్తయ్యాక చాలామంది "గిది మా బాపు లెక్క లేదు" అనేసి, పైసా ఇవ్వకుండా వెళ్ళిపోయేవాళ్ళు. ఆ బొమ్మలు ఆయన గోడకే మిగిలేవి.

ఆయన ఎవరితోనూ తగువు పడలేదు. పొద్దున్నే కండువా కొసతో ఆ మొహాలన్నీ తుడిచేవాడు. పెద్దల అమావాస్య, పెత్రమాసనాడు ఊరంతా తమ పెద్దల పేర బియ్యం ఇస్తుంటే, ఈయన ఒక్కో బొమ్మ ముందు దోసెడు బియ్యం పోసేవాడు.

మా అవ్వకు ఒళ్ళు మండేది. "పైసలెగ్గొట్టినోళ్ళ బాపులకు నువ్వు పెట్టుడేంది తమ్మీ?"

"నా ఇంటికొచ్చిండ్రు గదక్కా. ఉపాసముంచాల్నా?"

ఒక ఏడు మా ఊరి దొర కొడుకు అడిగితే అప్పు చేసి రంగులు తెచ్చి, చనిపోయిన దొర నిలువెత్తు బొమ్మ వేశాడు. దాన్ని చూడగానే మా అవ్వ కొంగు తలమీదికి లాక్కుని పక్కకు ఒదిగింది. దొర బతికుండగా ఎదురొస్తే అట్లాగే ఒదిగేది. దొర కొడుకు మాత్రం అందరూ అన్న మాటే అని జీపెక్కి పోయాడు.

ఆ పెత్రమాసకు అవ్వతో పాటు నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. బొమ్మలన్నీ గోడవైపు తిప్పి ఉన్నాయి. ఆయన వాటి ముందు ఉత్త చేతులతో కూర్చున్నాడు.

"గిదేంది తమ్మీ?" అంది అవ్వ.

"పొద్దుగాల్నుంచి నా దిక్కే జూస్తుండ్రక్కా. ఇంట్ల గింజ లేదు."