తెగని పోగు

మేం తయారుచేసే, కణాలను పసిగట్టే పరికరాలను పెద్ద ప్రయోగశాలకు పంపేముందు, ఆకాశం నుంచి రాలే మ్యూయాన్ కణాలతో పరీక్షిస్తాం. నల్ల టేపు చుట్టిన రెండు పలకల పరికరం ఒకటి సెలవుల్లో సిరిసిల్లలోని మా ఇంటికి తెచ్చాను. ఒకే కణం రెండు పలకలనూ దాటితే ఎర్ర బల్బు వెలగాలి. పక్క షెడ్డులో బట్ట నేసే సాంచాలు నడుస్తుంటే వాటి మోటార్ల విద్యుత్ అలజడికి, కణాలు రాకున్నా అది పిచ్చిపట్టినట్టు వెలిగేది. నాకు ఒళ్లు మండిపోయింది.

మధ్యాహ్నం కరెంటు పోయింది. సాంచాలన్నీ ఆగాయి. బ్యాటరీ మీదున్న బల్బు ఉండి ఉండి, నింపాదిగా వెలగసాగింది. మా నాన్నను పిలిచి చూపించాను.

"పైనుంచి వస్తున్నయి బాపూ, గీ ఇంటి రేకులు దాటుకొని."

బతుకంతా బట్ట నేసిన బాపు పలకల మధ్య చెయ్యి పెట్టాడు. బల్బు వెలిగింది. మళ్లీ వెలిగింది.

"నా చేతిలకెళ్లే పోతున్నయా బిడ్డా?"

"నువ్వు పుట్టినప్పటి సంది పోతనే ఉన్నయి."

రోజూ చూసే వెలుగే. అయినా కణాలు ఆ చేతిని దాటుతుంటే, మొదటిసారి చూస్తున్నట్టు బల్బు వైపు వంగాను.

బాపు చెయ్యి బయటికి తీసి, నేసిన బట్టను చూసినట్టే వెలుతురుకు పట్టి, తిప్పి తిప్పి చూశాడు.

"గిన్నేండ్ల సంది పోతున్నా, ఒక్క పోగు గూడ తెగలే!"