ఒక నిమిషం అని రాసిచ్చాను

డెబ్బైల మొదట్లో అబిడ్స్‌లో ఒక ఆఫీసు పై అంతస్తులో కంప్యూటర్ ఉండేది. బయటివాళ్లు గురువారం మాత్రమే దాన్ని వాడుకోవచ్చు. వాడుకున్నానన్న మాటేగానీ, దాన్ని నేను ఒక్కసారీ చూడలేదు. మా లెక్కలను చిల్లులుగా కొట్టిన కార్డుల కట్టను కిటికీలో ఇచ్చి, చీటీ రాసి, బెంచీ మీద కూర్చునేవాళ్లం. లోపలివాళ్లు ఒక్కొక్క కట్టే మిషన్‌కు పెట్టి, అచ్చయిన కాగితాలు బయటికి ఇచ్చేవారు.

పనికి ఎన్ని నిమిషాలు పడుతుందో చీటీలో రాయాలి. తక్కువ రాసినవాళ్ల కట్ట ముందు వెళ్లేది. ఎక్కువ రాస్తే ఒక్కోసారి ఆ రోజు వంతే వచ్చేది కాదు. రాసిన నిమిషాలు దాటాయో, పని సగంలో ఉన్నా మిషన్ ఆపేసేది.

నా పరిశోధనలో చివరి పట్టిక ఒక్కటే మిగిలింది. నా గైడు, మా సార్, వచ్చే బుధవారం రిటైరవుతున్నారు. ఆలోగా ఆయన సంతకం పడకపోతే ఇంకొకరి కింద మళ్లీ మొదలుపెట్టాలి. కార్డుల వరస చెదరకుండా బూట్ల డబ్బాలో సర్దుకుని నాంపల్లి నుంచి నడిచి వెళ్లాను.

నా ముందున్న ఇంజినీరు పది అని రాశాడు. ఇంత అమాయకుడేమిటని లోపల నవ్వుకున్నాను. నేను ఒకటి అని రాశాను. ఎంత పడుతుందో నిజానికి నాకు తెలియదు.

కిటికీలోని గుమాస్తా చీటీ చూసి కళ్లజోడు పైకి జరిపాడు.

"జర ఎక్కువనే రాయమ్మా. నడుమల ఆగితే మల్ల వచ్చే బేస్తారమే."

ఒళ్లు మండింది. ఎమ్మెస్సీ చదివినదానికి ఈయన లెక్కలు నేర్పడమా? ఒకటే ఉంచమన్నాను.

మొదటి వంతు నాదే వచ్చింది. పట్టికలో పై పదకొండు వరసలు చక్కగా అచ్చయ్యాయి. ఆ కింద, సమయం అయిపోయిందని ఒక్క ముక్క. ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. నేను చెప్పలేదా అని గుమాస్తా అనలేదు. అనుంటే బాగుండేది. ఇంజినీరు కాగితాలు సాయంత్రం వచ్చాయి, పూర్తిగా. వాటిని చూస్తే ఏడుపొచ్చింది. సార్‌కు మాత్రం మిషన్ చెడిపోయిందని చెప్పాను.

తర్వాతి గురువారం పది అని రాసి, పొద్దు వాలేదాకా కూర్చున్నాను. పట్టిక వచ్చింది. అట్నుంచటే బస్సెక్కి ఖైరతాబాద్‌లో సార్ ఇంటికి వెళ్లాను. ముందురోజు సన్మానంలో వేసిన దండ కుర్చీకి వేలాడుతోంది. ఆయన ప్రతి అంకె మీదా వేలు పెట్టి చదివి, బాగుందన్నారు. కలం తీయలేదు. తీసినా చెల్లదని ఇద్దరికీ తెలుసు.

మిషన్‌కు ఎంతసేపు పట్టిందని అడిగారు. అదీ కాగితం అడుగున అచ్చయి ఉంది. నాలుగు నిమిషాలని చెప్పాను.

"నాలుగేనా? పోయిన వారం గా మిషన్ చెడకపోతే అయిపోతుండె గదమ్మా."

"ఔ సార్" అన్నాను.