బూడిద మోసిన చేతులు

వీధిలో అందరికీ ఆయన బూడిద బాబాయి. కట్టెలతో కాల్చే రొట్టెల బట్టీ ఆయనది. పొద్దున్నే రొట్టెలు దుకాణాలకు పంపేసి, బట్టీలోని బూడిదను డబ్బాలకెత్తుకుని, సైకిలు మీద తీసుకెళ్ళి ఊరి చివరి గడ్డిమడిలో చల్లేవాడు. ఆ గడ్డి మేసే ఆవులు ఆయన భార్య పిన్నివి. పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన పని, జ్వరమొచ్చినా మానలేదు. గడ్డి ఏపుగా పెరిగేది. ఎరువు కొనే అవసరమే లేదని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఒక ఏడు చలి వెనకపట్టి లేతగడ్డి మొలిచిన రోజుల్లో, కొత్తగా ఈనిన ఆవు గజగజా వణికి కూలబడింది. కాళ్ళు కొట్టుకుంటున్నాయి, నోట నురగ. పశువుల డాక్టరమ్మ పరుగున వచ్చి నరానికి మందెక్కించింది. కాసేపటికి ఆవు తూలుతూ లేచింది.

"ఒంట్లో మెగ్నీషియం అడుగంటింది పిన్నీ. మేసే గడ్డిలోనే లేదేమో, మట్టి పరీక్ష చేయించండి."

పరీక్షలో పొటాష్ విపరీతంగా తేలింది. మట్టిలో ఉన్న కాస్త మెగ్నీషియాన్నీ అది గడ్డి వేళ్ళకు అందనివ్వడం లేదట.

"ఇంత పొటాష్ ఎక్కణ్ణుంచి వచ్చింది?" అంది డాక్టరమ్మ.

పిన్ని నేలచూపులు చూసింది. బాబాయే నోరు విప్పాడు. "నేను పోసిందేనమ్మా. బూడిద."

"కట్టెల బూడిదలో పొటాష్ ఎక్కువ. అది చెడ్డదేం కాదు బాబాయ్. ఉన్నదే మళ్ళీ మళ్ళీ పోశారు, లేనిదేమిటో చూసుకోలేదు. అంతే."

డాక్టరమ్మ వెళ్ళాక ఆయన కొట్టంలోనే కూలబడ్డాడు. "ఏమే, కిందటేడు పోయిన ఆవు కూడా ఇలాగే కదూ కొట్టుకుంది?"

"పాము కరిచిందనుకున్నాం కదండీ. అలాగే అనుకుందాం," అంది పిన్ని, దూడ మెడ నిమురుతూ.

ఆయనకు అన్నం సయించలేదు. ఇన్నేళ్ళూ తన చేత్తోనే, అదీ ప్రేమగా!

మర్నాటి నుంచి బూడిద మడికి పోలేదు. మట్టిలో పొటాష్ తక్కువని పరీక్షలో తేలినవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళేవారు. మడిలో డాక్టరమ్మ చెప్పిన కొలత ప్రకారం మెగ్నీషియం సల్ఫేట్ చల్లారు, ఆవుల దాణాలోనూ కాస్త ఖనిజాల పొడి కలిపారు. మట్టి ఒక్క ఏడాదిలో దారికి రాలేదు. పొటాష్ మెల్లగా, మొండిగా దిగుతోంది.

మరుసటి ఏడు లేతగడ్డి మొలిచే వేళకు రెండో ఆవు ఈనింది. బాబాయి బట్టీ పనివాడికి అప్పగించి, పొద్దున్నే మడి గట్టున కూర్చునేవాడు. ఆవు తల విదిలిస్తే చాలు, లేచి నిలబడేవాడు.

"అదేం పడిపోదులెండి, వెళ్ళి మీ పని చూసుకోండి," అంది పిన్ని.

"కాసేపుంటానులే," అన్నాడాయన.

ఆవు తలెత్తకుండా మేస్తోంది. పిన్ని కూడా వచ్చి పక్కన కూర్చుంది.